మెరుపు పోగుల మధ్య పిల్లికూన: ఆ ఫొటో గురించి ఒక మాట

సంపాదకుల వారికి,

నమస్కారం. క్రిస్మస్ అలంకరణల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చెట్టును ఏ మూలన నిలపాలో, దీపాలను కింది నుంచి పైకి ఎలా చుట్టాలో, రంగులను ఎలా జత కూర్చాలో విపులంగా చెప్పిన ఆ వ్యాసం పక్కనే ఒక ఫొటో వేశారు. వెండిరంగు మెరుపు పోగుల మధ్య నుంచి తల బయటపెట్టి, అందులో ఒక పోగును నోట కరచుకుని చూస్తున్న పిల్లికూన ఫొటో అది. దాని కింద, కూన చెట్టు జోలికి వస్తే గట్టిగా అదిలించాలని, అప్పటికీ మానకపోతే ముఖం మీద నీళ్లు చిలకరించాలని ఒక చిట్కా ఇచ్చారు. ఫొటో ముచ్చటగానే ఉంది. అయితే ఆ కూన నోట్లో ఉన్న పోగు ఎంతటి చేటు తెస్తుందో మా ఇంట్లో కళ్లారా చూశాను కనుక, ఆ చిట్కా అటువంటి చేటును ఆపలేదని కూడా తెలుసు కనుక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

కిందటేడు మా ఇంట్లో నాలుగు నెలల కూన ఉండేది. పట్టుమని రెండు కిలోల బరువు కూడా లేదు. చెట్టు పెట్టిన రోజు నుంచి దానికి నిద్ర లేదు, మాకూ లేదు. కింది కొమ్మలకు వేలాడదీసిన బంతులను కొట్టడం, మొదట్లో దూరి పడుకోవడం, సందు దొరికితే మధ్య కొమ్మల దాకా ఎగబాకడం దాని దినచర్య అయింది. మేము నవ్వుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, అప్పుడప్పుడు కసురుకున్నాం. మూడో రోజు ఉదయం అది తిన్నదంతా కక్కింది. కడుపులో వెంట్రుకల ఉండ ఏదో అడ్డుపడి ఉంటుందని సరిపెట్టుకున్నాం. సాయంత్రానికి నీళ్లు కూడా నిలవలేదు. మంచం కింద మూలకు చేరి, పిలిచినా పలకలేదు. పశువైద్యురాలు దాని నోరు తెరిచి నాలుకను పైకెత్తి చూపినప్పుడు, నాలుక మొదట్లో చుట్టుకుని మాంసంలోకి దిగబడిన వెండిరంగు పోగు ఒకటి కనిపించింది. రెండో కొస పేగుల్లో ఉంది. ఆ రాత్రే శస్త్రచికిత్స చేసి, పేగును మూడు చోట్ల కోసి, ముక్కలు ముక్కలుగా ఆ పోగును బయటకు తీశారు. కూన బతికింది. ఒక్కరోజు ఆలస్యమై ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని ఆమె తర్వాత చెప్పారు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. ఈ పోగుల విషయంలో చెలగాటమూ ప్రాణసంకటమూ రెండూ పిల్లికే. ఎందుకో వివరించడానికి మీ అనుమతితో కొంత చోటు తీసుకుంటాను. ఎందుకంటే ఇది తెలియకపోవడమే మా తప్పుకు మూలం.

పిల్లి నాలుక మీద గరుకుగా తగిలే ముళ్లు మన గోళ్లకు మూలమైన కెరటిన్ అనే పదార్థంతోనే ఏర్పడతాయి. అవన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. ఒంటిని దువ్వుకోవడానికి, ఎముక మీది మాంసాన్ని గీకడానికి అవి చక్కగా పనికివస్తాయి గానీ, నోట్లోకి వెళ్లిన దారాన్ని వెనక్కి నెట్టడం మాత్రం దానికి చాలా కష్టం. కక్కాలని ప్రయత్నించే కొద్దీ దారం లోపలికే జారుతుంది. అలా మింగిన పొడవాటి పోగు నాలుక కింద గానీ, జీర్ణాశయం పేగులోకి తెరుచుకునే ఇరుకు ద్వారం దగ్గర గానీ చిక్కుకుంటుంది. రెండో కొసను పేగు తన సహజమైన కదలికతో ముందుకు తోస్తూనే ఉంటుంది. ఒక కొస కదలదు, మరో కొస సాగిపోతుంది. దాంతో పైజామా బొందు లాగినప్పుడు నడుం పట్టీ ముడతలు పడినట్టు పేగంతా ఆ పోగు మీదికి కుచ్చులా పోగవుతుంది. బిగిసిన ఆ పోగు కదిలినప్పుడల్లా రంపంలా పేగు గోడను కోస్తుంది. చిల్లు పడితే లోపలి మలినం కడుపులోకి చేరి చీము పడుతుంది. పశువైద్యులు దారాలు, రిబ్బన్లు, నూలు, సూదితో ఉన్న దారం వంటివాటికి ఇంతగా భయపడేది ఇందుకే. గుండ్రని చిన్న పూస మింగితే అది తనంతట తాను బయటకు పోయే అవకాశం ఉంటుంది, పొడవాటి పోగు విషయంలో ఆ ధీమా పనికిరాదు.

ఇక్కడే ఇంకొక మాట. కూన నోట్లోనుంచి గానీ, మలద్వారం నుంచి గానీ పోగు కొస వేలాడుతూ కనిపిస్తే దాన్ని పట్టి లాగడం ఎవరికైనా తోచే పనే. దయచేసి లాగకండి. లోపల చిక్కుకున్న పోగును లాగితే పేగు తెగుతుంది. కక్కించాలని ఇంటి వైద్యం కూడా చేయవద్దు. మళ్లీ మళ్లీ కక్కడం, తిండి మానడం, ఒదిగి ఒదిగి కూర్చోవడం, చొంగ కారడం, నోటిని కాలితో గీరుకోవడం, మలం రాకపోవడం వంటి లక్షణాల్లో ఏవి కనిపించినా, పోగు మింగడం మీరు చూసినా చూడకపోయినా, ఆ పూటే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. మేము పోగొట్టుకున్నది సరిగ్గా ఆ ఒక్క పగలే.

టిన్సెల్ అని పిలిచే ఈ మెరుపు పోగుల చరిత్రలో చాలామందికి తెలియని ఒక ఘట్టం ఉంది. ఒకప్పుడు వీటిని వెండితో చేసేవారు. తర్వాత చవక కోసం, వేలాడే బరువు కోసం సీసం కలిపారు. పిల్లలకు సీసం హానికరమని అమెరికా ప్రభుత్వ సంస్థ అభ్యంతరం చెప్పడంతో 1972 నుంచి అక్కడి తయారీదారులు సీసపు పోగులను ఆపేశారు. ఇప్పుడు దొరికేవి ప్లాస్టిక్ పోగులు. విషం పోయింది కదా అని వాటిని నిరపాయమని అనుకుంటున్నాం. పిల్లికి కీడు చేసేది ఆ పోగు దేనితో తయారైందన్నది కాదు గదా, దాని పొడవు, సన్నదనం. సీసం పోయినా ఆ ఆకారం అలాగే ఉంది. కనుక పిల్లి ఉన్న ఇంట్లో ఈ పోగులను పైకొమ్మలకు కడదామా, కాస్త తక్కువ వేద్దామా అన్న బేరాలు వద్దు; వాటిని అసలు కొనకపోవడమే మేలు. కానుకల పొట్లాలకు చుట్టే వంకీల రిబ్బను కూడా ఇదే జాతి. పొట్లాలు విప్పిన రోజున నేల మీద పడిన రిబ్బన్లను అప్పటికప్పుడు ఏరి మూత ఉన్న చెత్తబుట్టలో వేయాలి.

ఇక మీ చిట్కా విషయం. నీళ్లు చిలకరిస్తే కూన ఆ క్షణానికి దూకి పారిపోతుంది, నిజమే. అయితే అది నేర్చుకున్న పాఠం ఏమిటన్నది ఆలోచించాలి. చెట్టు ఎక్కకూడదని దానికి అర్థం కాదు. నీళ్ల సీసా పట్టుకున్న మనిషి గదిలో ఉన్నప్పుడు ఎక్కకూడదని మాత్రమే అర్థమవుతుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని మనం సామెత చెప్పుకుంటాం గానీ, ఈ విషయంలో దాని కళ్లు బాగానే తెరిచి ఉంటాయి. మనం నిద్రపోయాక, తలుపు వేసుకుని బయటకు వెళ్లాక, అంటే ప్రమాదం జరిగితే ఆదుకునే వాళ్లు లేని వేళలోనే అది చెట్టు దగ్గరకు పోతుంది. పైగా, పదే పదే కసిరే చేతిని చూసి బెదరడం మొదలైతే, రేపు ఒంట్లో బాగా లేనప్పుడు అదే చేతికి చిక్కకుండా దాక్కుంటుంది.

కూన వైపు నుంచి ఒక్కసారి చూద్దాం. నిన్నటి దాకా ఖాళీగా ఉన్న మూలలో హఠాత్తుగా ఒక చెట్టు వెలసింది. నిజమైన చెట్టయితే అడవి వాసన మోసుకొచ్చింది. ఎక్కడానికి కొమ్మలున్నాయి, దాక్కోవడానికి నీడ ఉంది, గాలికి ఊగుతూ మెరిసే చిన్న చిన్న వస్తువులు కొట్టడానికి సరిగ్గా పంజా ఎత్తులో వేలాడుతున్నాయి. చిన్న కదలికను కూడా పసిగట్టి వెంటపడటానికే పిల్లి కన్ను, చెవి, పంజా తయారయ్యాయి. రెండు నెలల వయసు నుంచి ఆరేడు నెలల దాకా ఈ వేట ఆట దానికి ఊపిరితో సమానం. అటువంటి ప్రాణిని ఆ చెట్టు పక్కన వదిలి, ముట్టుకోవద్దని చెప్పడం న్యాయం కాదు. మార్చవలసింది చెట్టును, అది నిలిచిన చోటును. శస్త్రచికిత్స తర్వాత ఇంటికి వచ్చిన రాత్రి మాకు ఈ సంగతి తట్టింది.

చోటు విషయంలో మొదట చూడవలసింది చుట్టుపక్కల సామాను. సోఫా వీపు, పుస్తకాల బీరువా, కిటికీ గట్టు చెట్టుకు దగ్గరగా ఉంటే అవి దూకుడు మెట్లవుతాయి. ఎదిగిన పిల్లి తన ఎత్తుకు ఐదారు రెట్లు దూకగలదు. కూన అంత దూకలేకపోయినా ఎగబాకడంలో దానిదే పైచేయి. తలుపు వేయగలిగే గది ఉంటే చెట్టును అందులో పెట్టి, మనం లేనప్పుడు, రాత్రివేళ తలుపు మూయడం కంటే మంచి ఉపాయం లేదు. అటువంటి గది లేని ఇళ్లే ఎక్కువ కనుక మిగతావి చెబుతున్నాను.

చెట్టు పడిపోవడం గురించి చాలామంది తేలికగా మాట్లాడతారు. నిలువెత్తు చెట్టు మీద పడితే కూన నడుం విరగవచ్చు. పగిలిన గాజు, తెగిన తీగ దాని కిందే ఉంటాయి. అడుగు వెడల్పుగా, బరువుగా ఉండే స్టాండు తీసుకోవాలి. అంతటితో ఆగకుండా, చెట్టు కాండాన్ని పైభాగాన గట్టి తాడుతో గోడకో పైకప్పుకో బిగించిన కొక్కేనికి కట్టాలి. రెండు వైపులా రెండు కట్లు వేస్తే ఏ పక్కకూ ఒరగదు. చేపలు పట్టే నైలాన్ తీగ అయితే కంటికి కనిపించదు, కానీ దాని మిగులు కొసలను కత్తిరించి పారేయాలి. లేకపోతే అదీ ఒక పోగే అవుతుంది. కట్టాక చేత్తో గట్టిగా ఊపి చూడండి. మీ చేతికి ఊగేది కూన దూకుడుకూ ఊగుతుంది.

ఆ తర్వాత అందరికీ కష్టమనిపించే పని: చెట్టును నాలుగైదు రోజులు బోసిగా వదిలేయడం. దీపం, బంతి, నక్షత్రం ఏదీ లేకుండా. కూన వాసన చూస్తుంది, ఎక్కుతుంది, దిగుతుంది, కింద పడుకుంటుంది. కొత్త వస్తువు మీద పిల్లికి ఉండే మోజు సగం ఆ రోజుల్లోనే తీరిపోతుంది. అలంకరణ మొదలుపెట్టాక కూడా కింది మూడో వంతును ఖాళీగా వదలాలి, లేదా బట్టతోనో చెక్కతోనో చేసిన పగలని బొమ్మలు మాత్రమే అక్కడ కట్టాలి. గాజు బంతులు, తాతల నాటి అపురూపమైనవి ఏవైనా ఉంటే అవి పైకొమ్మలకే. సన్నని తీగ కొక్కేలకు తగిలించిన బంతి ఒక్క పంజా దెబ్బకు ఊడి వస్తుంది, ఆ కొక్కెం పెదవికి గుచ్చుకుంటుంది. అందుకని ప్రతి బొమ్మనూ కొమ్మకు దగ్గరగా, ఊగకుండా కట్టాలి. ఊగనిదాని మీద కూనకు ఆసక్తి తక్కువ. ఉప్పు కలిపిన పిండిముద్దతో పిల్లలు చేసే బొమ్మలు చూడ్డానికి అమాయకంగా ఉంటాయి గానీ, వాటిని కొరికి తింటే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. చాకొలెట్లను చెట్టుకు వేలాడదీయడం సరేసరి, ఆ ఊసే వద్దు.

మెరుపు పోగుల తర్వాత నన్ను ఎక్కువగా భయపెట్టేవి సీరియల్ దీపాల తీగలు. చెట్టుకు మొట్టమొదట విద్యుత్ దీపాలు పెట్టింది 1882లో, న్యూయార్కులో, ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్. అంతకు ముందు వెలిగించిన కొవ్వొత్తులతో పోలిస్తే ఇవి ఎంతో క్షేమమని ఒప్పుకోవాలి. అయితే కూన పళ్లకు ఆ చరిత్ర తెలియదు. దానికి 26 పాలపళ్లు ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలల వయసులో అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 30 గట్టి పళ్లు వస్తాయి. ఆ మూడు నెలలూ చిగుళ్లు దురద పెడుతుంటే మెత్తగా నమలడానికి వీలుగా దొరికేది రబ్బరు తొడుగున్న తీగే. కరెంటు తగిలితే నోరు కాలడం కంటికి కనిపించే గాయం మాత్రమే. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరునాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. అందుకే షాక్ తగిలిన కూన లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోకూడదు. తీగను కరచుకుని కొట్టుకుంటూ ఉంటే, దాన్ని ముట్టుకునే ముందు స్విచ్ ఆపాలి. లేకపోతే షాక్ మనకూ తగులుతుంది. తక్కువ వోల్టేజీతో నడిచే ఎల్‌ఈడీ దీపాలు తీసుకోవడం, ప్లగ్గు దాకా వెళ్లే తీగను గట్టి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చడం, పడుకునేముందు స్విచ్ ఆపడమే కాక ప్లగ్గు కూడా పీకేయడం మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి. బ్యాటరీ దీపాలయితే తీగ బెడద తగ్గుతుంది, కానీ బొత్తాం ఆకారపు బ్యాటరీ ఊడి వచ్చే పెట్టె అయితే వద్దు. మింగిన బొత్తాం బ్యాటరీ కొద్ది గంటల్లోనే గొంతుగొట్టాన్ని లోపలినుంచి కాల్చేస్తుంది.

నిజమైన చెట్టు పెట్టేవారు స్టాండులోని నీళ్లకు మూత వేయాలి. నిలవ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. చెట్టు వాడకుండా ఉండాలని కలిపే మందులూ అందులో ఉంటాయి. రాలిన ఆకుసూదులను రోజూ ఊడ్చేయడం కూడా మంచిది.

పండుగ మొక్కల గురించి రెండు మాటలు. ఎర్రని ఆకుల పాయిన్‌సెట్టియా మొక్క ప్రాణాంతకమని తరచూ వింటాం. అది అతిశయోక్తి, దాని పాలు తగిలితే నోరు మండుతుంది, కక్కు రావచ్చు, సాధారణంగా అంతకుమించి ఉండదు. అసలు భయపడవలసింది కానుకగా వచ్చే పూలగుత్తుల్లోని లిల్లీలకు. అసలైన లిల్లీ జాతుల ఆకు, రేకు, పుప్పొడి, చివరకు పూలు పెట్టిన పాత్రలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను ఒకటి నుంచి మూడు రోజుల్లో చెడగొట్టగలవు. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా చాలు. చెట్టు పక్కన బల్ల మీద అందంగా ఉంటుందని లిల్లీలు పెట్టే వారికి ఈ సంగతి తెలియజేయడం మీ వంటి పత్రికకు తగిన పని.

కూనను దూరంగా ఉంచడానికి నిమ్మ, నారింజ నూనెలు చెట్టు మీద చల్లమనే సలహా కూడా చాలాచోట్ల వినిపిస్తుంది. పులుపు పండ్ల వాసన పిల్లులకు గిట్టదన్నది చాలావరకు నిజమే. అయితే గాఢమైన సుగంధ తైలాలలోని అనేక పదార్థాలను విరిచి బయటకు పంపే ఒక ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయడానికీ కారణం అదే. చల్లిన నూనె బొచ్చుకు అంటుతుంది, బొచ్చును అది నాకుతుంది. కాబట్టి ఆ దారి వద్దు. చెట్టు మొదట్లో నలిపిన అల్యూమినియం రేకు పరిస్తే చాలా పిల్లులు కాలు పెట్టడానికి ఇష్టపడవు. మా కూన మాత్రం రెండో రోజున ఆ రేకు మీదే కూర్చుని ఒళ్లు దువ్వుకుంది. ఏ ఉపాయమూ అన్ని పిల్లులకూ పనిచేయదు మరి!

వద్దని చెప్పే ప్రతి చోటికీ బదులుగా రమ్మని పిలిచే చోటు ఒకటి ఉంటే కూన సులువుగా మారుతుంది. చెట్టుకు కొంచెం దూరంలో, దానికంటే స్థిరంగా, ఎక్కడానికి, గీరడానికి వీలుగా తాడు చుట్టిన స్తంభం ఒకటి పెట్టి, దాని పైమెట్టు కిటికీలోకి చూసేలా ఉంచండి. తెల్లవారుజామున, సందె వేళ పిల్లులకు హుషారు ఎక్కువ. ఆ వేళల్లోనే అవి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాయి. దీపాలు వెలిగించే సమయం కూడా సందె వేళే కావడం మన దురదృష్టం. అందుకని దీపాలు వేయడానికి ముందు పావుగంట సేపు కర్రకు కట్టిన ఈకను పరుగెత్తించి ఆడించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు దువ్వుకోవడం, నిద్ర అనేది దాని ఒంటికి పుట్టుకతో తెలిసిన వరుస. ఆట ముగిశాక ఆ కర్రను, దారాన్ని బీరువాలో దాచడం మరవకూడదు.

ఇవన్నీ చేయడం కుదరని వారు ఈ ఒక్క ఏడాదికి బల్ల మీద పెట్టే చిన్న చెట్టుతోనో, గోడకు అతికించిన చెట్టు బొమ్మతోనో సరిపెట్టుకోవచ్చు. కూనతనం ఏడాదికే ముగుస్తుంది.

సంపాదకుల వారికి నా విన్నపం రెండు విషయాలకే పరిమితం. మెరుపు పోగు నోట కరచుకున్న కూనల ఫొటోలను ముచ్చట కోసం వేయడం మానండి. వేయక తప్పదనుకుంటే పక్కనే ఒక హెచ్చరిక వాక్యం వేయండి. అలాగే పండుగకు ముందే ఒక పశువైద్యుడి చేత ఈ విషయం మీద రాయించి, అలంకరణల వ్యాసం ఉన్న పేజీలోనే ప్రచురించండి. నేను చెప్పినదాంట్లో లోపాలుంటే ఆయన సరిదిద్దుతారు.

మా కూనకు ఇప్పుడు ఏడాది దాటింది. పొట్ట మీద కుట్ల చోట వెంట్రుకలు తిరిగి వచ్చినా, చేత్తో తడిమితే గీత ఇంకా తెలుస్తుంది. ఈ ఏటి చెట్టును నిలిపి నాలుగు రోజులైంది. గోడకు రెండు కట్లు కట్టాం. ఇంకా ఒక్క బంతి కూడా తగిలించలేదు. ఈ ఉత్తరం రాస్తున్న వేళకు అది ఆ బోసి చెట్టు కింద, స్టాండు మీద కప్పిన దుప్పటి మీద పడుకుని నిద్రపోతోంది.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పాఠకురాలు